ఫ్లెక్సీ మీద నా జీతం

నా మొదటి జీతం ఎంతో మా ఊరి చర్చికి వచ్చే పిల్లాపెద్దా అందరికీ తెలుసు. దాచుకుందామన్నా కుదరదు. మా దగ్గర ప్రథమ ఫలం అని ఒకటుంది. మిరప తోటలో మొదటి కోత కాయల్లోంచి ఒక బుట్ట, గేదె ఈనితే మొదటి జున్నుపాలు, ఇంట్లో ఎవరికైనా ఉద్యోగం వస్తే మొదటి నెల జీతం మొత్తం దేవుడికి ఇవ్వాలి. ఇచ్చి కూర్చుంటే సరిపోదు. సంఘ పెద్ద కవరు చింపి, నోట్లు లెక్కపెట్టి, ఇచ్చినవాళ్ల పేరుతో సహా మైకులో చదువుతాడు. ఆ ఆదివారం ఆయన నా పేరు చదివాడు. "పదకొండు వేల రూపాయలు" అన్నాడు. అని, కవర్లోకి ఇంకోసారి తొంగి చూశాడు.

ఇంకేమైనా మిగిలిందేమోనని! ఏమీ మిగల్లేదు మహానుభావా, అంతే.

చాప మీద నా వెనకాల కూర్చున్న ముసలామె గొంతు తగ్గించాలన్న ఆలోచన కూడా లేకుండా అంది: "డాక్టరమ్మకి పదకొండేలేనా? మా మనవడు గుంటూరు బట్టల కొట్లో చీరలు మడతపెట్టి పద్నాలుగు తెస్తన్నాడు గదే!" మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది. ప్రార్థనకని దించలేదు.

నేను ఫిజియోథెరపిస్టుని. పక్షవాతంతో పడిపోయిన చేతిని మళ్లీ అన్నం ముద్ద ఎత్తేలా చెయ్యడం, విరిగి అతికిన కాలిని మళ్లీ నడిపించడం నా పని. దీనికి నాలుగేళ్ల చదువు, ఆ పైన ఆరు నెలలు ఆసుపత్రిలో ఊరికే చాకిరీ. ఆ చదువుకి బ్యాంకులో ఐదు లక్షల అప్పు. చిలకలూరిపేటకీ మార్టూరుకీ మధ్య, రోడ్డుకి లోపలగా ఉన్న మా ఊళ్లో, కౌలు పొలంలో మిరప వేసుకునే ఒక మనిషి ఆ అప్పు మీద సంతకం పెట్టాడు. ఆయన మా నాన్న.

మా నాన్న గురించి ఒక సంగతి చెప్పాలి. మిరప సీజన్లో రోజూ పొద్దున్నే టీ కొట్టు దగ్గర పేపరు తీసుకుని గుంటూరు మిర్చి యార్డు ధరలు చదివి, పేపరువాణ్ణి తిట్టడం ఆయన అలవాటు. యార్డు ధరల్లో పైన పెద్దక్షరాలతో ఉండేది గరిష్ఠ ధర. ఆ రోజు మొత్తానికి ఏ ఒక్క లాటుకో, ఎవడో ఒక్కడికి పడ్డ ధర అది. ఎక్కువమందికి పడ్డ ధరని మోడల్ ధర అంటారు. అది కింద ఎక్కడో చిన్నక్షరాలతో ఉంటుంది. నాన్న ముందు కింద చూసి, తరవాత పైన చూసి, "ఈ రేటు ఎవడికొచ్చిందిరా? వాడి మొహం ఒక్కసారి నాకు చూపించండి!" అని అరిచేవాడు. యార్డుకి టిక్కీలు, అంటే మిరప బస్తాలు, తోలుకెళ్లే ఏ రైతూ గరిష్ఠ ధర చూసి అప్పు చెయ్యడు. మా నాన్న అసలే చెయ్యడు.

అలాంటి మనిషి, నన్ను కాలేజీలో చేర్చడానికి వెళ్లినప్పుడు, ఏసీ గదిలో కుర్చీ అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని, అడ్మిషన్ల సారు చెప్పిందల్లా విన్నాడు. "మన పిల్లలకి స్టార్టింగే ముప్పై ఐదు వేలండీ. రెండేళ్లలో మీ అప్పు ఉఫ్!" అన్నాడు సారు. అరచేతి మీద ఊది మరీ చూపించాడు. నాన్న ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఎవడికొచ్చిందిరా అనలేదు, మొహం చూపించమనలేదు.

తరవాతెప్పుడో అడిగాను, ఎందుకు నమ్మావు నాన్నా అని. "బడోళ్లు అబద్ధం ఎందుకు చెప్తారే?" అన్నాడు. ఆయన అన్నది అంతే. మా నాయనమ్మకి అక్షరాలొచ్చింది మిషను బడిలో. వేలిముద్ర మానేసి సంతకం పెట్టిన రోజున ఆమె ఊరంతా తిరిగి చెప్పుకుందట. మా వాళ్లకి కమీషను కొట్టువాడు మోసగాడు, పురుగుమందుల కొట్టువాడు మోసగాడు, కాటా దగ్గర నిలబడ్డవాడు పచ్చి మోసగాడు. బడి మాత్రం బడే. నేలమీద కూర్చునేవాళ్లని బల్ల మీద కూర్చోబెట్టింది అది. ఆ నమ్మకం ఇంకెక్కడా ఇంత చవగ్గా దొరకదని ఆ ఏసీ గదిలోవాళ్లకి బాగా తెలుసు. నాకు ఒళ్లు మండేది అక్కడే. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. మావాళ్లని బళ్లో కూర్చుని విననిచ్చి ఎన్నాళ్లయిందని?

చదువుతున్నంత కాలం వడ్డీ కూడా మాతోపాటు ఊరుకుంటుందనుకున్నాం. చదువయ్యాక కడితే చాలన్నారు కదా! నేను పరీక్షలు రాస్తుంటే అది పక్కన కూర్చుని పెరిగింది. నా చదువు అయ్యేసరికి ఐదు కాస్తా ఆరు దాటింది. నెలకి కట్టాల్సింది పదివేలకి కాస్త తక్కువ. నా జీతం పదకొండు వేలు. గుంటూరులో హాస్టలు గది, తిండి, బస్సు ఆ మిగిలిన దాంట్లోంచి రావాలి. రావు కాబట్టి నాన్న నెల నెలా మూడు వేలు పంపేవాడు. చాకిరీ చేసేది నేను. ఆ చాకిరీకి వెళ్లడానికి నాకు కూలి ఇచ్చేది మా నాన్న. ఇలాంటి ఉద్యోగం ఎవరి వంశంలోనైనా ఉందా?

ఆసుపత్రిలో నా చేతి కింద పడుకున్న మనిషి దగ్గర ఒక్కో సిట్టింగుకి ఐదు వందలు తీసుకుంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనిషి లేస్తే మనిషి పడుకుంటూనే ఉంటారు. ఆ లెక్కన నా నెల జీతం రెండు రోజుల్లో కౌంటరులో చేరిపోతుంది. జీతం పెంచమని అడిగితే మేనేజరు నవ్వి, "అనుభవం కోసం ఊరికే చేస్తామని బోలెడంతమంది తిరుగుతున్నారమ్మా" అన్నాడు. నిజమే, తిరుగుతున్నారు. వాళ్లందరికీ స్టార్టింగే ముప్పై ఐదు వేలు కదా మరి!

అయితే ఒకటి చెప్పుకోవాలి, పని మీద నాకు కోపం లేదు. మా బాబాయి, అంటే మా పిన్ని మొగుడు, యార్డులో టిక్కీలు దించుతూ ట్రాక్టరు ట్రక్కు మీంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆపరేషనయితే అయింది గానీ మోకాలు కర్రలా బిగుసుకుపోయింది. ఆదివారం ప్రార్థన కాగానే నేను వాళ్లింటికి వెళ్లి ఆ మోకాలు వంచేదాన్ని. "చంపుతున్నావే రాక్షసీ! మీ అమ్మకి చెప్తానుండు!" అని ఈ చివర నుంచి ఆ చివర దాకా వీధంతా వినపడేలా అరిచేవాడు. పిన్ని కూతురు, నా చెల్లెలు, ఇంటర్ చదివేది, వాళ్ల నాన్న మడమ కింద చెయ్యి పెట్టి పట్టుకునేది. నేను ఒకసారి చూపిస్తే చాలు, ఎక్కడ పట్టాలో, ఎంత నొక్కితే నొప్పి, ఎంత నొక్కితే పని, దానికి పట్టుబడేది. వారం మధ్యలో అదే చేయించేది. బాబాయి కర్ర పక్కన పారేసి తన ఎకరం చేను దాకా నడిచి వెళ్లి గట్టు మీద నిలబడ్డ రోజున చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నేనూ ఇదే చదువుతా" అంది. ఆ రోజు నాకు ఎంత గర్వంగా అనిపించిందో!

ఇంటర్ పరీక్షలు అయిపోయిన ఏప్రిల్లో, ఒక శనివారం సాయంత్రం ఊరికి వచ్చేసరికి, పాలకేంద్రం పక్కన కరెంటు స్తంభాలకి కట్టిన పెద్ద ఫ్లెక్సీ మీద నల్లగౌను, నల్లటోపీతో నేనే నవ్వుతూ ఉన్నాను. పట్టా ఇచ్చిన రోజు తీసిన ఫొటో. నన్నెవరూ అడగలేదు. నా మొహం కింద "మీ ఊరి అమ్మాయే! రేపు మీ అమ్మాయి!" అని, దాని కింద గుమ్మడికాయంత అంకెలతో "ప్రారంభ వేతనం 35,000" అని. అంకెకి ముందు చీమ తలకాయంత అక్షరాలతో "గరిష్ఠంగా" అని కూడా ఉంది. దగ్గరికెళ్లి, బ్యాగు కింద పెట్టి, మెడ చాచి చూస్తే గానీ కనపడలేదు.

ఇంటికెళ్లాను. అమ్మ మంచినీళ్లిచ్చి లోపలికి పోయింది. నాన్న మొదలుపెట్టాడు.

"ముప్పై ఐదేలొస్తంటే, నా దగ్గర నెల నెలా మూడేలు ఎట్టా పుచ్చుకున్నావే?"

"నాన్నా, నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పేదేంటి? ఊరంతా నిలబడి చదువుతోంది. మందు కొట్టటానికి డబ్బుల్లేక మిరప మడి పురుగుకి వదిలేశానే నేను!" భుజం మీది తువ్వాలు తీసి నేలకేసి కొట్టాడు. "సరే, నా దగ్గర దాచావు. దేవుడి దగ్గర కూడా దాస్తావటే? పదకొండేలు కవర్లో పెట్టి ప్రథమ ఫలమంటావా? రేపు నేను ఏ మొహం పెట్టుకుని ప్రార్థనలో కూర్చోను?"

అప్పు నాది, అబద్ధం వాళ్లది, దొంగతనం మాత్రం నా నెత్తి మీద! కన్నతండ్రి నా మాట కంటే ఫ్లెక్సీ మీద అంకెని నమ్మాడు. ఎందుకు నమ్మడు? అది బడోళ్లు రాసింది కదా.

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే బాబాయి వచ్చాడు, చెల్లెల్ని వెంటబెట్టుకుని, మొహమంతా వెలిగిపోతూ. "అమ్మాయ్, మీ చెల్లిని నీ కాలేజీలోనే చేరుస్తున్నా. సోమవారం అడ్వాన్సు కట్టేస్తే ఫీజులో తగ్గిస్తారంట. బ్యాంకాయనతో మాట్లాడా, ఎకరం పాసుపుస్తకం పెడితే ఇస్తానన్నాడు. సోమవారమే సంతకాలు" అన్నాడు.

ఆ ఎకరమే ఆయనకున్నది. దాని గట్టు మీదకే ఆయన్ని నేను నడిపించింది. వద్దు బాబాయ్ అన్నాను. అది అబద్ధం, నాకు వచ్చేది పదకొండే అన్నాను. బాబాయి మొహం మాడిపోయింది.

"నీ ఫొటో నువ్వే కాదంటావా? ఏమ్మా, మీ చెల్లి నీ అంత అవటం నీకిష్టం లేదా?"

ఒక్కోసారి నిజం చెప్పడం కంటే చెంపదెబ్బ తినడం సులువు. వాళ్లు వెళ్లాక ఆ అడ్మిషన్ల సారుకి ఫోను చేశాను. నా గొంతు గుర్తుపట్టి ఎంత సంబరపడ్డాడో! ఫొటో బాగా పడిందమ్మా అన్నాడు.

"ఆ ముప్పై ఐదు వేలు ఎవరికొచ్చిందండీ?"

"గరిష్ఠంగా అని రాశాం కదమ్మా."

"అదేనండీ, ఆ గరిష్ఠం ఎవరికి?"

"అమ్మా, పబ్లిసిటీ అన్నాక కొంచెం అటూ ఇటూ ఉంటుంది. నువ్వు ఆవేశపడకు. నీ ఫొటో చూసి చేరిన ఒక్కో అమ్మాయికి నీకు రెండు వేలు ఇప్పిస్తా. ఐదుగురు చేరారనుకో, నీ నెల జీతం వచ్చేసినట్టేగా!"

ఫోను పెట్టేశాక కూడా ఆ మాట చెవిలో గింగురుమంటూనే ఉంది. అంటే నా జీతం ఎంతో ఆయనకి తెలుసు. తెలిసే గుమ్మడికాయంత అంకెలు వేయించాడు. తెలియక రాశాడనుకుంటే కనీసం మూర్ఖుడని సరిపెట్టుకునేదాన్ని.

మర్నాడు ఆదివారం. మా ప్రార్థనలో సాక్ష్యాలకి కాస్త సమయం ఇస్తారు. జబ్బు నయమైందనో, పిల్లాడు పాసయ్యాడనో లేచి చెప్పుకుంటారు. నేను వెళుతుంటే ఆడవాళ్లు నన్ను చూసి చూపులు తిప్పుకున్నారు. పాస్టరు అయ్యగారు "సాక్ష్యం చెప్పేవాళ్లున్నారా?" అనగానే లేచి మైకు అందుకున్నాను.

"నా జీతం పదకొండు వేలు. మొదటి నెలది పదకొండూ ఇక్కడే ఇచ్చాను. ఆ తరవాత ప్రతి నెలా బ్యాంకు నా దగ్గర ప్రథమ ఫలం తీసుకుంటోంది, తీసుకున్నాక బస్సు డబ్బులు మిగులుతున్నాయి. నా తిండి మా నాన్న పెడుతున్నాడు. పాలకేంద్రం దగ్గర ఉన్నది నా మొహమే. ఆ అంకె నాది కాదు. నాతో చదివినవాళ్లలో ఎవరిదీ కాదు" అన్నాను. సారు ఫోన్లో ఇస్తానన్న రెండు వేల సంగతి కూడా చెప్పాను. ఆడపిల్లకి రెండు వేలు! మా ఊళ్లో దూడకి బేరం చేసేవాడు కూడా ఇంకాస్త మర్యాదగా మాట్లాడతాడు.

సంఘ పెద్ద "ఇప్పుడు పాట పాడుకుందాం" అని లేచాడు. అప్పుడు ఆడవాళ్ల చాప మీంచి చెల్లెలు లేచింది. అందరిముందూ ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. "అక్కా, నీతో చదివినోళ్లలో ఎక్కువమందికి ఎంత వస్తోంది?" అంది.

చెప్పాను. ఒకమ్మాయి సింగరాయకొండలో చిన్న క్లినిక్కులో ఎనిమిది వేలకి చేస్తోంది. ఇద్దరు నాలాగే గుంటూరులో, పది, పన్నెండు. ఒకబ్బాయి హైదరాబాదులో రోగుల ఇళ్ల చుట్టూ తిరిగి ఇరవై తెస్తాడు, సగం అద్దెకీ పెట్రోలుకీ పోతుంది. మా క్లాసులో ఫస్టు వచ్చిన అమ్మాయి ఫిజియోథెరపీ మానేసి తుళ్లూరులో ప్లాట్లు అమ్మే ఆఫీసులో కూర్చుంది. అందరికంటే మంచి జీతం దానిదే.

మగవాళ్ల వైపు నుంచి మా నాన్న గొంతు వినపడింది. ఎవరితోనూ కాదు, తనలో తనే అనుకుంటున్నట్టు. "మోడల్ ధర" అన్నాడు. "రోజూ పేపరోణ్ణి తిడతా గదా! ఆ ఒక్క ముక్కా అక్కడ అడగలేకపోయా" అన్నాడు. అని రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. పాట మొదలైంది, నేను పాడలేదు.

బాబాయి నాతో మాట్లాడకుండా బయటికి వెళ్లిపోయాడు. కోపం మీద నడిచాడేమో, మళ్లీ కుంటినట్టు కనిపించింది. ఊరందరి ముందూ నాన్న నా నెత్తి మీంచి దొంగతనం దించాడు, నిజమే. కానీ సోమవారం సంతకం ఆగుతుందో లేదో నాకు తెలియలేదు.

మూడింటప్పుడు వాడరేవు సముద్రం వైపు నుంచి మబ్బు పట్టింది. చివరి కోత కాయ కల్లంలో ఎండుతోంది. నాలుగు చినుకులు పడితే చాలు, ఎర్రటి కాయ తెల్లమచ్చలొచ్చి తాలుకాయ కింద సగం ధరకి పోతుంది. అందరం కల్లానికి పరిగెత్తి కాయ కుప్ప చేశాం. కప్పుదామంటే టార్పాలిన్ పట్టాలు చాలలేదు. ఒకవైపు కుప్ప బయటే ఉండిపోయింది. నాన్న అటూ ఇటూ చూసి, కొడవలి తీసుకుని, సైకిలెక్కి ఊళ్లోకి పోయాడు. తిరిగొచ్చేటప్పుడు క్యారియరు మీద నేను చుట్టచుట్టి ఉన్నాను.

ఫ్లెక్సీ విప్పి కుప్ప మీద పరుస్తుంటే గాలికి ఆగలేదు. రెండో అంచు ఎవరో పట్టుకున్నారు. చూస్తే బాబాయి. ఆ పక్కన చెల్లెలు. నాన్న అరిచాడు: "ఒరేయ్, బొమ్మ లోపలికి తిప్పు! నా కూతురి మొహం మీద వాన పడటానికి వీల్లేదు!" తిప్పి కప్పి, అంచులకి రాళ్లు పెట్టేసరికి వాన దిగింది.

కల్లం పక్క పాకలో నలుగురం ఇరుక్కుని కూర్చున్నాం. బాబాయి కాలు బార్లా చాపి, "మళ్లీ పట్టేస్తోందే ఇది. చూడవే" అన్నాడు. నేను అందుకునేలోపే చెల్లెలు మడమ కింద ఒక చెయ్యి, మోకాలి పైన ఒక చెయ్యి వేసి నెమ్మదిగా వంచడం మొదలుపెట్టింది. బాబాయి పళ్లు బిగించుకుని, "రేపు నేనెక్కడికీ పోవట్లేదు. ఎకరం నా దగ్గరే ఉంటది" అన్నాడు.

"కౌన్సెలింగు దాకా ఆగుతానక్కా. గవర్నమెంటు సీటొస్తే చేరతా" అంది చెల్లెలు, చెయ్యి ఆపకుండానే. "రాకపోతే ఏం చెయ్యనక్కా?"

ఆ పిల్ల చేతుల్లో ఈ పని ఉంది, నాకంటే బాగా ఉంది. దాని కోసం ఎకరం తాకట్టు పెట్టొద్దని చెప్పగలిగాను గానీ, పెట్టకుండా చదువుకునే దారి చూపించలేకపోయాను. ఆ చేతులు చూస్తుంటే నాకు ఎవరి మెడైనా విరవాలనిపించింది, అతికాక మళ్లీ తిప్పించే పని కూడా నాకొచ్చు కాబట్టి.

కాయ తడవలేదు. తరవాతి శనివారం నేను బస్సు దిగేసరికి పాలకేంద్రం పక్కన అవే స్తంభాలకి కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. అదే నల్లగౌను, అదే టోపీ, లోపల పక్క ఊరి అమ్మాయి. దాని ముందు ఒక ఆడపిల్లని భుజాల మీదికెత్తుకుని ఎవరో మనిషి నోరు తెరిచి చదువుతున్నాడు. ఇంటికెళ్లి నాన్నకి చెప్పాను.

"ఎంతేశారే ఈసారి?"

"నలభై."

నాన్న చూరులోంచి కొడవలి తీసుకుని సైకిలెక్కాడు.